పౌరుష గ్రంథి చిత్రాలు – మంచిచెడ్డల నిర్ణయం

కడప జిల్లా వేంపల్లె సమీపంలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొని బయటపడే చోటుకు గండి అని పేరు. నది కోసినందువల్ల కొండ కడుపులోని రాతిపొరలు అక్కడ కంటికి కనబడతాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరల సముదాయానికి పాపఘ్ని పేరే పెట్టినారు. మరి కోయకుండా మనిషి దేహంలోని పొరలను చూడడం ఎట్లా?

1895లో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనిపెట్టినాడు. ఎముకలు కనబడినవి. పేగులు కనబడడానికి రోగులచేత బేరియం సల్ఫేటు తాగించినారు. పులివెందుల ప్రాంతపు గనులలో దొరికే ముగ్గురాయి ఆ పదార్థమే. అయితే బాగా శుద్ధి చేయనిదే వైద్యానికి పనికిరాదు. ఆ రోజులలో ఎక్స్-రే తీసే మనిషి, తడి ఆరని ఫిల్మును వెలుతురుకు పట్టి చూచి, బాగున్నదనుకొన్న తరువాతనే రోగిని పంపేవాడు. చిన్న అలవాటే గాని, మన కథకు మూలం అదే.

మూత్రాశయం క్రింద ఉసిరికాయంత ఉండే పౌరుష గ్రంథి మాత్రం ఎక్స్-కిరణాలకు చిక్కలేదు. 1946లో బ్లాక్, పర్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు కేంద్రకాల అయస్కాంత అనునాదాన్ని వేరువేరుగా కనుగొన్నారు. 1973లో లాటర్‌బర్ దానితో బొమ్మ తీయవచ్చునని చూపినాడు. ఎం.ఆర్.ఐ. అట్లా పుట్టింది. దేహంలోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలే ఇందులో సంకేతాలు పంపుతాయి.

2018లో వెలువడిన 'ప్రెసిషన్' అనే పరీక్షలో 500 మంది పాల్గొన్నారు. ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానపు చోటనే సూది వేసిన పద్ధతిలో ముఖ్యమైన క్యాన్సరు 38 శాతం మందిలో బయటపడింది. పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే. ఇక్కడే చిక్కు వచ్చింది. బొమ్మ మసకగా ఉంటే క్యాన్సరు దాగిపోవచ్చు. లేని జబ్బు ఉన్నట్లు తోచి సూదిపోటు పడవచ్చు. అందుచేత ఆ పరీక్షలోని చిత్రాలనే ఆధారం చేసుకొని 2020లో 'పై-క్వాల్' అనే కొలమానం తయారుచేసినారు. మొదట 1 నుండి 5 వరకు మార్కులు. 2024లో దానిని మూడు మెట్లకు కుదించినారు. నా దృష్టిలో ఇది మంచి మార్పు. పని వేళ అయిదు మెట్ల మధ్య తేడాలు తేల్చడం తేలిక కాదు.

టెక్నీషియను నేర్చుకోవలసినది జబ్బును గుర్తించడం కాదు. గ్రంథి అంచు తెగకుండా కనబడుతున్నదా? లోపలి భాగాల మధ్య సరిహద్దు తెలుస్తున్నదా? రోగి కదిలినాడా? గ్రంథి వెనుకనే పురీషనాళం ఉన్నది. అందులో వాయువు నిండితే గాలికి, మాంసానికి మధ్య అయస్కాంత క్షేత్రం వంకర పోతుంది. నీటి అణువుల సంచారాన్ని చూపే చిత్రం సాగి, వికృతమవుతుంది. ఈ సంగతి తెలిసినవాడు రోగిని లేపి, మరుగుదొడ్డికి పంపి, ఆ ఒక్క భాగాన్ని మళ్లీ తీస్తాడు.

తెలుగునాట రేడియాలజీ బోధన అనగానే గుర్తుకు వచ్చేది డాక్టర్ కాకర్ల సుబ్బారావు (1925–2021). ఉస్మానియా వైద్య కళాశాలలో బోధించి, అమెరికాలో పనిచేసి, హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరైనారు. వైద్యుల చదువుకు అట్టి గురువులు దొరికినారు. టెక్నీషియన్ల వృత్తికి మాత్రం దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గాని రాలేదు.

బొమ్మ చెడిందని వైద్యుడు మరునాడు చూచి చెబితే, జమ్మలమడుగు పల్లెనుండి వచ్చిన ముసలాయన మళ్లీ బస్సెక్కి రావలె. బల్లమీద ఉండగానే తెలిస్తే కొన్ని నిమిషాల పని.