సముద్రంలో ఇనుము ఎంత? వందేళ్ల తప్పు లెక్క

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

అరకు వైపు వెళ్లినవాళ్లంతా కిరండూల్ నుంచి విశాఖకి పోయే ఇనుప రాయి గూడ్సు బండిని చూసే ఉంటారు. ఎంతసేపటికీ అయిపోదు, పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోతాం. ఆ రాయి బైలదిల్లా కొండలది. ఎద్దు మూపురంలా ఉంటాయని ఆ పేరు. అవి మన కోయ, గోండు వాళ్లు ఉండే కొండలు. 1968 నుంచి అక్కడ తవ్వుతున్నారు. ఈ మధ్య చదువుకుంటుంటే మాకు తెలిసిందేమిటంటే, ఆ కొండల్లోని ఇనుము ఒకప్పుడు సముద్రపు నీళ్లలో కరిగి ఉన్నదే.

వందల కోట్ల ఏళ్ల కింద గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఆక్సిజన్ లేకపోతే ఇనుము నీళ్లలో హాయిగా కరుగుతుంది. అప్పటి సముద్రం నిండా ఇనుమే. తర్వాత నీళ్లలో పుట్టిన అతి చిన్న జీవులు ఎండతో ఆహారం చేసుకోవడం నేర్చి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాయి. కరిగిన ఇనుముకి తుప్పు పట్టింది. తుప్పు పొరలు పొరలుగా అడుగుకి దిగింది. ఆ పొరలే గట్టిపడి, భూమి కదిలి పైకి లేచి కొండలయ్యాయి. అంటే ఆ గూడ్సు బండి సముద్రం సొత్తును మళ్లీ సముద్రం ఒడ్డుకే మోస్తోంది. ఓడరేవు దాకా మాత్రమేలెండి, అక్కడి నుంచి ఓడ ఎక్కుతుంది.

మరి ఇప్పటి సముద్రంలో ఇనుము ఎంత మిగిలింది? ఈ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి వందేళ్లు పట్టింది. మేము ఈ పోస్టులో చెప్పాలనుకున్నది ఆ వందేళ్ల చరిత్రే.

ముందు జవాబు చెప్పేస్తాం. ఒక కిలో సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పులు ఉంటాయి. ఇనుము మాత్రం, ఒడ్డుకి దూరంగా నడి సముద్రంలో పైనీళ్లు తీసుకుంటే, చాలాచోట్ల లీటరుకి 5 నానోగ్రాములు కూడా కష్టం. గ్రామును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోగ్రాము. స్కూల్లో మనకి వారానికొకటి ఇచ్చిన నీలం రంగు ఐరన్ మాత్ర గుర్తుందా? కొంతమంది నమిలినట్టు నటించి కిటికీలోంచి విసిరేసేవాళ్లు. ఆ ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నడి సముద్రంలోంచి అంత ఇనుము తీయాలంటే కోటీ ఇరవై లక్షల లీటర్ల నీళ్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 2,400.

ఇంత తక్కువ ఉన్నదాన్ని కొలవడం ఎలా? ఇనుప ఓడ మీద నుంచి, ఇనుప తీగకి కట్టిన సీసా దించి నీళ్లు పడితే సీసాలోకి వచ్చేది సముద్రపు ఇనుమా, ఓడ ఇనుమా? ఈ సంగతి చాలా కాలం ఎవరికీ పెద్దగా పట్టలేదు.

1872 నుంచి 1876 దాకా ఇంగ్లండు వాళ్ల చాలెంజర్ ఓడ ప్రపంచమంతా తిరిగింది. అది తెచ్చిన నీళ్లలో 77 నమూనాలను విలియం డిట్‌మార్ అనే ఆయన పరీక్షించి 1884లో లెక్క అచ్చువేశాడు. ఏ సముద్రంలో చూసినా ముఖ్యమైన ఉప్పుల పాళ్లు ఒకటే అని తేలింది. ఆ లెక్క నేటికీ నిలబడింది. కానీ అది ఎక్కువగా ఉన్న వాటి సంగతి. ఇనుము, రాగి, జింకు, సీసం, బంగారం లాంటివి ఆ త్రాసుకి అందేవి కావు.

బంగారం మీదే మొదట ఆశ పుట్టింది. సముద్రపు నీళ్లు టన్నుకి 6 మిల్లీగ్రాముల బంగారం ఉంటుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ 1903లో అంచనా వేశాడు. వినడానికి తక్కువే, కానీ సముద్రం ఎంతుంది! మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల జరిమానా పడింది. సముద్రంలోంచి బంగారం తీసి ఆ అప్పు తీర్చేద్దామని బయల్దేరినవాడు ఫ్రిట్జ్ హేబర్. మన పొలాల్లో చల్లే యూరియాకి మూలమైన అమ్మోనియా తయారీ ఈయన కనిపెట్టిందే. యుద్ధంలో విషవాయువు వదలడం దగ్గరుండి నడిపించిందీ ఈయనే. ఈ రెండూ ఒకే మనిషి చేశాడంటే మాకు నమ్మడానికి కాస్త టైం పట్టింది.

ప్రయాణికుల ఓడల్లో గుట్టుగా ప్రయోగశాల పెట్టుకుని, ఏళ్ల తరబడి వేల నమూనాలు పరీక్షించాడు. చివరికి బంగారం అరీనియస్ చెప్పినదాంట్లో వెయ్యో వంతు కూడా లేదని తేలింది. ముందు కనబడిన బంగారంలో చాలా భాగం వాళ్ల గిన్నెల్లోంచి, రసాయనాల్లోంచి వచ్చిందే. 1927లో ఆ సంగతి నిజాయితీగా రాసేసి చేతులు దులుపుకున్నాడు. ఇంకో విచిత్రం ఏంటంటే, ఇప్పటి పరికరాలతో చూస్తే హేబర్ చివరి లెక్క కూడా ఉన్నదానికి వంద రెట్లకు పైనే. అంత జాగ్రత్త పడినాయన సీసాలు కూడా పూర్తిగా శుభ్రంగా లేవన్నమాట.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. క్లెయిర్ ప్యాటర్సన్, అమెరికాలో అయోవా రాష్ట్రం. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చినవాడు. రాళ్లలో, ఉల్కల్లో సీసం కొలిచి ఆ వయసు లెక్కగట్టాలి. (సీసం వేరు, సీసా వేరు. ఈ పోస్టులో రెండూ వస్తాయి, చూసుకుని చదవండి.) ఆయన ఎన్నిసార్లు కొలిచినా సీసం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చేది. ఎక్కడి నుంచి? గోడ రంగులోంచి, దుమ్ములోంచి, తల వెంట్రుకల్లోంచి, ఆమ్లంలోంచి. ఏళ్ల తరబడి కడిగాడు, తుడిచాడు, ఆమ్లాన్నే మళ్లీ మళ్లీ శుద్ధి చేశాడు. లోపలికి గాలి కూడా వడగట్టి పంపే గది కట్టించాడు.

ఆ గదిలో ఆయన సముద్రపు నీళ్లు కొలిస్తే ఒక తలకిందుల విషయం కనబడింది. పైనీళ్లలో సీసం ఎక్కువ, లోతు నీళ్లలో తక్కువ. 1963లో ఆయన, తత్సుమోతో కలిసి ఆ లెక్క బయటపెట్టారు. సీసం పైనీళ్లలో కొద్ది ఏళ్లకు మించి నిలవదు, మట్టి రేణువులకీ చచ్చిన జీవులకీ అంటుకుని కిందికి పోతుంది. అయినా పైనే ఎక్కువ ఉందంటే ఈ మధ్యనే ఆకాశంలోంచి కొత్తగా పడుతున్నట్టు. ఆకాశంలోకి ఎవరు పంపుతున్నారు? కార్లు. ఇంజను దడదడలాడకుండా 1923 నుంచి పెట్రోలులో సీసం కలిపి అమ్ముతున్నారు.

ఇక్కడే గొడవ మొదలైంది. పెట్రోలు కంపెనీల పక్షాన రాబర్ట్ కెహో అనే డాక్టరు నలభై ఏళ్లుగా ఒకే మాట చెప్తూ వచ్చాడు: మనిషి ఒంట్లో సీసం ఉండటం సహజం, ఆ మాత్రానికి ఏమీ కాదు అని. దానికి ఆయన రుజువు ఏంటో తెలుసా? మోటారు కార్ల ముఖమే పెద్దగా చూడని మెక్సికో పల్లెవాళ్లని పరీక్షించి, చూడండి వీళ్ల ఒంట్లోనూ సీసం ఉంది అన్నాడు. ఆ పల్లెవాళ్లు అన్నం తినే మట్టి పాత్రలకి సీసం పూత ఉండేది! ఊరికి దూరంగా ఉన్నవాళ్లని తెచ్చి కొలతకి పనికొచ్చే వస్తువులా నిలబెట్టడం, వాళ్లు దేంట్లో తింటున్నారో మాత్రం పట్టించుకోకపోవడం. ఈ ముక్క చదివినప్పుడు మా రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అమెరికన్ల ఒంట్లో సహజంగా ఉండాల్సిన దానికంటే వంద రెట్లు సీసం ఉందని 1965లో ప్యాటర్సన్ రాశాడు. పెట్రోలు సంస్థల నుంచి వచ్చే పరిశోధన డబ్బు ఆగిపోయింది. 1971లో గాలిలోని సీసం మీద వేసిన జాతీయ నిపుణుల కమిటీలో ఆయనకి చోటివ్వలేదు. అప్పటికి ఆ విషయం ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆయన గ్రీన్‌లాండ్ మంచు పొరలు తవ్వి, ఏ కాలంలో ఎంత సీసం పడిందో కూడా చూపించాడు. చివరికి అమెరికాలో రోడ్డు బళ్లకి సీసం పెట్రోలు పూర్తి నిషేధం 1996 జనవరి 1న వచ్చింది. ఆయన చనిపోయింది 1995 డిసెంబరులో. మన దేశంలో 2000లో ఆపారు, అందరికంటే చివర అల్జీరియా 2021లో. అట్లాంటిక్ పైనీళ్లలో సీసం తర్వాత తర్వాత బాగా తగ్గింది. సముద్రం మర్చిపోవడం మొదలుపెట్టింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మాలో ఒకరి ఊళ్లో బోరు నీళ్లు తాగితే కడుపు బాగుండట్లేదని అడిగితే, ఒకాయన వచ్చి నమూనా పట్టుకెళ్లాడు. పట్టింది దార్లో తాగి పారేసిన కూల్ డ్రింకు సీసాలో. కొన్నాళ్లకి "నీళ్లు బాగానే ఉన్నాయి" అని కబురు వచ్చింది. కాగితం రాలేదు. అప్పుడు మాకు ఏం అడగాలో తెలీలేదు. ప్యాటర్సన్ గురించి చదివాక తెలిసింది: సీసా ఎవరు కడిగారు, దేంతో కడిగారు, బోరు ఎంతసేపు కొట్టాక పట్టారు?

ప్యాటర్సన్ శుభ్రత 1970లలో మిగతా లోహాల వాళ్లకీ అంటుకుంది. ఇనుప తీగ తీసేసి ప్లాస్టిక్ తాళ్లు, లోపల టెఫ్లాన్ పూసిన సీసాలు, చేతికి తొడుగులు. అంతవరకు పుస్తకాల్లో ఉన్న అంకెలు చాలావరకు ఓడ మురికి అంకెలని తేలిపోయింది. కొత్త లెక్కలు వచ్చాక ఒక వరస కనబడింది. కాడ్మియం అచ్చంగా ఫాస్ఫేటు దారిలో నడుస్తోందని 1976లో బాయిల్, స్క్లేటర్, ఎడ్మండ్ చూపించారు. జింకు సిలికా దారిలో నడుస్తోందని 1980లో బ్రూలాండ్ చూపించాడు. దీని అర్థం సులువే. పైన ఎండలో పెరిగే నాచు లాంటి సూక్ష్మజీవులు ఈ లోహాలను తినేస్తాయి. చచ్చి కిందికి రాలతాయి, లోతులో కుళ్లి లోహాన్ని మళ్లీ నీళ్లకి ఇచ్చేస్తాయి. లోతు నీళ్లు వందల ఏళ్లు నడిచి ఎక్కడో ఒకచోట పైకి లేస్తాయి, మళ్లీ తిండి. అడవిలో ఆకు రాలి ఎరువై చెట్టెక్కినట్టే.

ఇనుము మాత్రం ఈ చుట్టులో సరిగా నిలవదు. తుప్పై దేనికో దానికి అంటుకుని దిగిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ బయటి నుంచి రావాలి. ఎడారి దుమ్ము గాలికి కొట్టుకొచ్చి పడాలి, లేదా సముద్రం అడుగున వేడి ఊటల్లోంచి రావాలి. దుమ్ము పడని చోట ఏమవుతుంది? అంటార్కిటికా చుట్టూ, పసిఫిక్‌లో కొన్ని చోట్ల నైట్రేటు, ఫాస్ఫేటు నిండుగా ఉన్నా నీళ్లలో పచ్చదనం ఉండదు. ఎందుకో దశాబ్దాలు తెలీలేదు. ఇనుము లేకేమో అని 1930లలోనే కొందరు అనుకున్నారు, కానీ మురికి సీసాల్లో ఇనుము ఎప్పుడూ కావలసినంత కనబడేది కాబట్టి ఆ మాట నిలబడలేదు.

జాన్ మార్టిన్ దాన్ని నిలబెట్టాడు. పోలియో వల్ల నడక దెబ్బతిన్న మనిషి, కాలిఫోర్నియాలో మాస్ ల్యాండింగ్ అనే చిన్న చోట పనిచేసేవాడు. ఉత్తర పసిఫిక్ నీళ్లు శుభ్రంగా పట్టి, కొన్ని సీసాల్లో చిటికెడంటే చిటికెడు ఇనుము వేశాడు, కొన్నింట్లో వేయలేదు. వేసినవి పచ్చబడ్డాయి. 1988లో ఫిట్జ్‌వాటర్‌తో కలిసి ఇది ప్రచురించాడు. మంచుయుగాల్లో దుమ్ము ఎక్కువ పడి, నాచు పెరిగి, గాలిలోని కార్బన్ తగ్గి ఉంటుందని 1990లో ఇంకో అడుగు ముందుకేశాడు. నిజం సముద్రంలో ఇనుము వేసి చూద్దామన్నాడు గానీ, 1993 జూన్‌లో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన జట్టువాళ్లు గాలపగోస్ దీవుల దగ్గర ఆ పని చేశారు. 1995లో రెండోసారి వేస్తే పచ్చదనం దాదాపు 30 రెట్లు పెరిగింది.

దాంతో సముద్రంలో ఇనుము పోసి భూమి వేడి తగ్గిద్దాం, దాని మీద డబ్బులూ చేసుకుందాం అనేవాళ్లు తయారయ్యారు. మన దేశానికీ ఇందులో చోటుంది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ సంస్థ కలిసి దక్షిణ సముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము వేశాయి. ఆ ప్రయోగం పేరు లోహాఫెక్స్, లోహం మన మాటే. నాచు మొదట పెరిగింది, తర్వాత చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు దాన్ని మేసేశాయి. కిందికి పోయిన కార్బన్ చాలా తక్కువ. మాకైతే ఇది హేబర్ బంగారం కథలాగే అనిపించింది. సముద్రం దగ్గరికి జనం అప్పులు తీర్చుకోవడానికే వెళ్తారేమో.

చివరగా మన నీళ్ల సంగతి. బైలదిల్లా కింద శంఖిని వాగు ఎర్రబడిందని అక్కడి ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు. శంఖిని, డంకిని దంతెవాడ దగ్గర కలుస్తాయి, ఇంద్రావతిలో పడతాయి, ఇంద్రావతి గోదావరిలో పడుతుంది. మన శబరి కూడా కూనవరం దగ్గర అందులోనే కలుస్తుంది. మరి గోదావరి మోసే ఇనుమంతా బంగాళాఖాతానికి తిండి అవుతుందా అని మాలో ఒకరు అడిగారు. కాదట. నదుల్లో కరిగి వచ్చే ఇనుములో ఎక్కువ భాగం ఉప్పునీళ్లు తగిలిన చోటే ముద్దలు కట్టి అడుగుకి దిగిపోతుంది. యానాం దాటి ఎక్కువ దూరం పోయేది కొంచెమే. మిగతాదంతా అక్కడే బురదలో, పొర మీద పొరగా.