సుల్తాను దస్కతు, లేఖకుడి కలం

ఫర్మానా తలమీద మెరిసే తుఘ్రా ఒట్టోమన్ సుల్తాను దస్కతే గాని, మామూలుగా ఆయన చేతిరాత కాదు. దాన్ని గీయించే అధికారం నిషాంజీ అనే పెద్ద ఉద్యోగిది. మూడవ అహ్మద్‌లా స్వయంగా కలం పట్టి సాధన చేసిన సుల్తాను అరుదు.

తుఘ్రా ఒట్టోమన్లతో పుట్టలేదు. వాళ్లకు ముందే సెల్జుక్ తురుష్కులు విల్లమ్ముల గుర్తును రాజచిహ్నంగా వాడారు. ఈజిప్టులో మమ్లూకుల తుఘ్రాల్లో నిలువు గీతలు దట్టంగా బారులు తీరి ఉంటాయి. ఒట్టోమన్ వంశంలో మనకు దొరికిన మొదటిది 1324 నాటి దానపత్రం మీద ఉంది. అందులో ఉన్నదల్లా ‘ఉస్మాన్ కొడుకు ఓర్హాన్’ అన్న మాటే. ఓర్హాన్ కొడుకు మొదటి మురాద్ అరచేతిని సిరాలో ముంచి ఒప్పందం మీద అద్దాడనీ, అదే తొలి తుఘ్రా అనీ ఓ కథ ప్రచారంలో ఉంది. తండ్రి తుఘ్రా కళ్లెదుటే ఉండగా ఆ కథ నిలవదు. 15వ శతాబ్దంలో పేర్లకు ‘ఖాన్’, ‘సదా విజేత’ అన్న బిరుదులు చేరి రూపం స్థిరపడింది.

ఆ రూపం ఇదీ: అడుగున పేర్ల అక్షరాలు ఒకదానిపై ఒకటి పేర్చిన పీఠం. ఎడమవైపు ఒకదానిలో ఒకటి ఒదిగిన రెండు కోడిగుడ్డు ఆకారాలు. వాటి కొసలు కుడివైపుకు చేతుల్లా సాగుతాయి. పైకి మూడు నిలువు గీతలు, వాటినుంచి జాలువారే వంపులు. పేరులో అన్ని నిలువు అక్షరాలు లేకపోయినా గీతలు మాత్రం మూడు ఉండాల్సిందే. చదవడం రాని రైతు కూడా చూడగానే పోల్చుకోగలిగేవాడంటే కారణం ఈ స్థిరత్వమే.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ తుఘ్రా ఒకటి ఉంది. 1555–60 ప్రాంతానిది, అర మీటరుకు పైగా వెడల్పు. నీలి గీతల నడుమ ఖాళీ అన్నది లేకుండా సన్నని తీగలు సుడులు తిరుగుతాయి, వాటికి చిన్న చిన్న పూలు. ఇంత అలంకారాన్ని నకలు కొట్టడం దొంగలకు తేలిక కాదు.

అయినా నా దృష్టిలో ఈ కళ శిఖరం సులేమాన్ కాలం కాదు, ముస్తఫా రాఖిమ్ (1757–1826) కాలం. సుల్తాను రెండవ మహమూద్‌కు రాత నేర్పిన గురువు ఆయన. పీఠాన్ని కుదించి, వలయాలకూ నిలువు గీతలకూ కొలతలు కుదిర్చాడు. రంగులూ బంగారమూ తీసేసినా, నల్లసిరా గీత ఒక్కటే నిలబడేలా చేశాడు. ఆ బాటలోనే లేఖకుడు సామీ ఎఫెందీ సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ తుఘ్రాను తీర్చిదిద్దాడు.

అప్పటికే తుఘ్రా సామాన్యుల చేతుల్లోకి వచ్చేసింది. 1863లో వెలువడిన తొలి ఒట్టోమన్ తపాలా బిళ్ల మీద ఉన్నది అదే. మన హైదరాబాదులోనూ మహబూబ్ అలీ ఖాన్ కాలపు చిల్లర నాణేల మీద నిజాం తుఘ్రా కనిపిస్తుంది.

1922లో సుల్తానుల పాలన రద్దయింది. 1927లో కొత్త తుర్కీ ప్రభుత్వం ప్రభుత్వ భవనాల మీది తుఘ్రాలను తొలగించాలని చట్టం చేసింది. కొన్నింటిని ఊడదీశారు, కొన్నింటిని కప్పేశారు.