గెలిచినవాళ్లు కొనిచ్చే మొదటి గ్లాసు

రెండు రాళ్లూ వలయాల నడిబొడ్డుకు ఒకే దూరంలో ఆగినట్టున్నాయి. ఎర్రది మీది, పసుపుపచ్చది వాళ్లది. ఇది కర్లింగ్ ఆటలో ఎనిమిదో ఎండ్, అంటే ఆఖరి వంతు. స్కోరు 5-5. విసరడానికి ఇక ఎవరి దగ్గరా రాయి మిగల్లేదు. వంగి చూద్దామని మీరు అడుగు వేయబోతే మీ స్కిప్, అంటే జట్టు నాయకురాలు, మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఇప్పుడు హౌస్‌లోకి, అంటే ఆ వలయాల్లోకి, వెళ్లాల్సింది రెండు జట్ల వైస్‌లే, అంటే ఉపనాయకులే. మిగతా ఆరుగురూ వలయాలకు అవతలే నిలబడాలి.

వైస్‌లిద్దరూ మంచు మీద మోకరిల్లారు. కొలత కడ్డీ ఒక కొసను వలయాల నడిబొడ్డైన బటన్ మధ్యనున్న చిన్న రంధ్రంలో దించి, రెండో కొసను మెల్లగా రాళ్ల వైపు తిప్పుతున్నారు. ఎర్ర రాయి దగ్గర ముల్లు కాస్త కదిలింది. పసుపు రాయి దగ్గర ఇంకాస్త ఎక్కువ కదిలింది. తల పైకెత్తి ముందుగా నోరు తెరిచింది మీ వైసే. "మీదే," అన్నాడు.

ఎవరూ ఈల వెయ్యలేదు. అసలు ఈల వేసే మనిషే ఇక్కడ లేడు. లీగ్ ఆటలో రిఫరీ ఉండడు. ఓడినవాడు చెప్పిన మాటతోనే తీర్పు అయిపోయింది.

6-5తో మీరు ఓడిపోయారు. ఎనిమిది మందీ చేతి తొడుగులు లాగేస్తున్నారు. ప్రతి ఒక్కరూ ఎదుటి జట్టులోని నలుగురి చేతులూ పట్టుకుని "గుడ్ గేమ్" అంటున్నారు. రెండు గంటలుగా మంచు ఊడ్చిన చేతులు కదా, లోపల ఇంత చలిలోనూ వెచ్చగా, చెమటగా ఉన్నాయి. పక్క షీట్ల (మంచు బాటల) మీద ఆటలింకా సాగుతున్నాయి. గ్రానైట్ రాళ్లు మంచు మీద గరగరమంటూ జారిపోయే ఆ మోత మీ పాదాల దాకా తెలుస్తోంది.

ఇది విన్నిపెగ్. జనవరి నెల, మంగళవారం రాత్రి. బయట మైనస్ 28. పార్కింగ్ స్థలంలో కార్లన్నీ ఇంజన్ గడ్డకట్టకుండా కరెంటు తీగలకు తగిలించి ఉన్నాయి. ఆఫీసులో మీ పక్క సీటావిడ తన జట్టులో ఒక మనిషి తక్కువైతే మిమ్మల్ని లీడ్‌గా, అంటే మొదటి రాళ్లు వేసే మనిషిగా, లాక్కొచ్చింది. కొత్తవాళ్ల క్లాసులో నేర్చుకున్న నాలుగు ముక్కలే మీ పెట్టుబడి. ఎలాగోలా ఆడేశారు, ఓడారు, ఇక కోటు వేసుకుని ఇంటికి బయల్దేరదామని మీ మనసు.

"ఎక్కడికి?" అందావిడ. "ఇంకా అవలేదు."

చీపుర్లు గోడకు ఆనించి ఆవిడ వెంట మెట్లెక్కండి. తలుపు తీయగానే వేడి గాలి, గ్రేవీ పోసిన వేయించిన ఆలుగడ్డల వాసన, తడి ఉన్ని వాసన ఒక్కసారిగా ముఖానికి కొడతాయి. ఒక వైపు గోడంతా అద్దం. దాని అవతల, కింద, మీరు ఇప్పుడే వదిలిన మంచు. పెద్ద గుండ్రటి బల్ల దగ్గర ఎదుటి జట్టు లీడ్ కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. మీకోసమే.

"ఏం తీసుకుంటారు?"

పద్ధతి ఇది. మొదటి విడత గెలిచినవాళ్లు కొనాలి. అదీ ఎవరి జోడీకి వాళ్లు: లీడ్‌కి లీడ్, సెకండ్‌కి సెకండ్, వైస్‌కి వైస్, స్కిప్‌కి స్కిప్. చాలా క్లబ్బుల్లో ఇలాగే నడుస్తుంది. మీకు మందు అలవాటు లేదు. కొంచెం తటపటాయిస్తూ జింజర్ ఏల్ అన్నారు. అతను కనుబొమ్మ కూడా ఎత్తలేదు. రెండు నిమిషాల్లో మంచుముక్కలు గలగలమనే గ్లాసు తెచ్చి మీ ముందు పెట్టాడు. గ్లాసులో ఏముందన్నది ఎవరికీ పట్టదు. కొనిచ్చారా, తీసుకున్నారా, కూర్చున్నారా అన్నదే లెక్క. పిల్లల లీగుల్లో ఇదే మర్యాద హాట్ చాక్లెట్‌తో జరిగిపోతుంది.

ఇంకోటి గమనించండి. ఓడిన నలుగురూ ఒక పక్క, గెలిచిన నలుగురూ ఒక పక్క కూర్చోలేదు. మీకు కుడివైపు వాళ్ల సెకండ్, ఎడమవైపు మీ వైస్. పెళ్లి బంతిలో ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ కలగలిసి కూర్చున్నట్టుంది, ఎవరు ఎటువాళ్లో ముఖాలు చూసి చెప్పలేం.

వాళ్ల సెకండ్ ఇరవై దాటని కుర్రాడు. ఐదో ఎండ్‌లో ఏం చేశాడో మీకు గుర్తుంది. తన జట్టు రాయి ముందు ఊడుస్తూ పోతున్నాడు. రాయి ఆటలో నిలవాలంటే దాటాల్సిన గీత, అవతలి హాగ్ లైన్, ఇంకా దాటలేదు. ఉన్నట్టుండి చీపురు పైకెత్తి "తగిలింది" అన్నాడు. మీరెవరూ చూడలేదు. వాళ్ల స్కిప్ అంత దూరం నుంచి చూసే అవకాశమే లేదు. నిబంధన ప్రకారం ఆ రాయిని అక్కడే ఆపి పక్కన పెట్టేశారు. ఆ ఎండ్‌లో మీకు రెండు పాయింట్లు వచ్చాయి. అతను నోరు మెదపకుండా ఉంటే ఈ ఆట ఎనిమిదో ఎండ్ దాకా బిగుసుకునేదే కాదు.

ఇప్పుడు అతను మీ పక్కన కూర్చుని ఆలుగడ్డలు మీ వైపు జరుపుతున్నాడు. ఆ చెయ్యి ఎందుకు లేచిందో ఇక్కడ కూర్చుంటే అర్థమవుతుంది. ఇంకో గంటలో ఈ బల్ల దగ్గరే, ఇంత దగ్గరగా మీ కళ్లలోకి చూడాలని అతనికి తెలుసు. ప్రపంచ కర్లింగ్ నిబంధనలు సైతం అన్యాయంగా గెలవడం కన్నా ఓటమే మేలన్న మాటను ఆట స్ఫూర్తిగా ముందే చెప్పుకుంటాయి. కానీ కాగితం మీది మాటకు ప్రాణం పోసేది ఈ బల్లే. ఆట తర్వాతి కాలక్షేపమని దీన్ని తేలిగ్గా తీసేసేవాళ్లతో నేను ఒప్పుకోను. రిఫరీ లేకుండా ఆట నడుస్తోందంటే, ఆ పని చేస్తున్నది ఈ బల్ల.

గోడ మీది పాత ఫొటోలు చూడండి. గోధుమరంగుకు తిరిగిన వాటిలో కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకున్న మనుషుల చేతుల్లో గడ్డి చీపుర్లు ఉన్నాయి. ఆట తర్వాత రెండు జట్లూ ఇలా కలిసి కూర్చోవడాన్ని బ్రూమ్‌స్టాకింగ్ అంటారు. స్కాట్లండ్‌లో సరస్సులు గడ్డకట్టిన రోజుల్లో, ఆట మధ్యలోనే చీపుర్లు ఒకచోట పోగేసి, మంట చుట్టూ చేరి రెండు జట్లూ విస్కీ పంచుకునేవారట. అలా వచ్చిన పేరని ఆటగాళ్లు చెప్పుకుంటారు. 1541లో స్కాట్లండ్‌లోనే పెయిస్లీ మఠంలో ఒక సన్యాసి విసిరిన పందెం నోటరీ పుస్తకానికెక్కింది. మంచు మీద రాళ్లు జార్చే పోటీల్లో అంత పాత రాత మరొకటి దొరకడం కష్టం. ఆట తర్వాత గొడ్డుమాంసం, ఆకుకూరలతో కూడి భోంచెయ్యడం అక్కడి కర్లర్ల ఆనవాయితీ. భూస్వామీ అతని కౌలుదారూ ఒకే మంచు మీద ఆడి, ఒకే విందుకు కూర్చునేవారు. 1838లో ఎడిన్‌బరాలో కలెడోనియన్ కర్లింగ్ క్లబ్ ఏర్పడి నియమాలన్నీ ఒక దారికి తెచ్చేనాటికే ఈ కూర్చోవడం ఆటలో భాగం. వలస వెళ్లిన స్కాట్లు రాళ్లాటతో పాటు దాన్నీ సముద్రం దాటించారు. 1807లో మాంట్రియల్‌లో క్లబ్ పెట్టారు. ఈ ఊళ్లో గ్రానైట్ క్లబ్ 1880 నాటిది.

గ్లాసు చుట్టూ అల్లుకున్నదే కాబట్టి ఈ సంప్రదాయానికి ఒక ప్రమాదమూ ఉంది. 2018 నవంబర్‌లో అల్బెర్టాలోని రెడ్ డీర్‌లో, తాగి మంచు మీదికి వచ్చిన ఒక పేరున్న జట్టును పోటీ నుంచి పంపించేశారు. కర్లింగ్ లోకమంతా సిగ్గుపడింది. ఆట ముందు, తర్వాత గ్లాసు. ఆ వరస తప్పితే ఎదుటి జట్టుకు చేసే మర్యాద కాస్తా అవమానంగా మారుతుంది.

బల్ల మీద ఇప్పుడు ఉప్పుడబ్బా, మిరియాలడబ్బా, రెండు సీసా మూతలు చేరాయి. వాళ్ల స్కిప్, డెబ్బై దాటిన రైతు, వాటిని హౌస్‌లో రాళ్లలా పేర్చి మూడో ఎండ్ మళ్లీ ఆడుతున్నాడు. "ఇక్కడ నువ్వు గార్డ్ వదిలేసి ఉంటే మా పని అయిపోయేది," అని అడ్డంగా నిలిచిన రాయిని చూపిస్తూ తాము ఎలా ఓడిపోయి ఉండేవారో మీ స్కిప్‌కి విడమరిచి చెబుతున్నాడు. వచ్చే నెల మళ్లీ ఇదే జట్టుతో ఆట ఉంది. అయినా దాచుకోవడం లేదు. మీ స్కిప్ మిరియాలడబ్బాను వేలితో రెండంగుళాలు జరిపి, "అప్పుడు నువ్విలా కొట్టేవాడివి," అంటోంది.

ఆయన మీ వైపు తిరిగి మీదే ఊరని అడిగాడు. ఖమ్మం అన్నారు. అక్కడ చలికాలంలో ఎంత ఉంటుందన్నాడు. తెల్లవారుజామున పదిహేనుకు పడితే స్వెటర్లు తీస్తామని చెబితే బల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో మీరూ కలిశారు. ఆయన మాత్రం వెంటనే పనిలో పడ్డాడు. మీరు రాయి వదిలేటప్పుడు మణికట్టు ఆలస్యంగా తిప్పుతున్నారట. ఉప్పుడబ్బా మీ చేతికిచ్చి, పిడి పట్టుకున్నట్టు పట్టుకోమని, రెండుసార్లు తిప్పించి చూశాడు. మూడోసారి బాగుందన్నాడు.

గ్లాసులు ఖాళీ అయ్యాయి. మీ స్కిప్ మోకాలితో మిమ్మల్ని చిన్నగా తట్టింది. రెండో విడత ఓడినవాళ్లది. మీరు లేచి, వాళ్ల లీడ్ వైపు చూసి, అతను అడిగినట్టే అడిగారు.

"ఏం తీసుకుంటారు?"

"అదే," అన్నాడతను ఖాళీ గ్లాసు చూపించి. "త్వరగా రండి, నాలుగో ఎండ్ మొదలుపెడుతున్నాం."