అల్లికసూదులును ఫ్రెంచి విప్లవమును



మగ్గము, పడుగు, పేక అనినచో మన పల్లెలలో బాలురకు సైతము తెలియును. నేను నేడు ప్రస్తావింపబోవునది నేత గాదు, అల్లిక. రెండు సన్నని సూదులతో ఒకే దారమును ఉచ్చులు ఉచ్చులుగా దూర్చి మేజోళ్లు, టోపీలు, ఉన్నిచొక్కాలు చేయు పని యది. నరసాపుర ప్రాంతమున స్త్రీలు కొక్కెపుసూదితో అల్లు లేసు దీనికి చెల్లెలి వరుస. అందు సూది యొకటి, ఇందు రెండు. చలి మిక్కుటమైన ఐరోపా దేశములలో ఈ పని యింటింట నుండెడిది. పేదరాలికి అది కూలి; కలిగినయింటి స్త్రీకి కాలక్షేపము.

ఆ దేశముల నవలాకారులకు అల్లికయందు మక్కువ మెండు. కారణము స్పష్టమే. అల్లుచున్న స్త్రీకి చేతులు మాత్రమే పనిలో నుండును. కన్నులును చెవులును తీరికగా నుండును. ఆమె యందఱను చూచును. ఆమెను ఎవ్వరును గమనింపరు. టాల్‌స్టాయి వ్రాసిన 'యుద్ధము-శాంతి' నవలలో ఒక ముసలి దాది రెండు మేజోళ్లను ఒకదానిలో నొకటిగా ఏకకాలమున అల్లి, పని ముగియగానే ఒకదానినుండి రెండవదానిని వెలికి దీసి పిల్లలకు చూపును. వర్జీనియా వుల్ఫు 1927లో వెలువరించిన నవలలో ఒక యిల్లాలు, దీపస్తంభపు కావలివానికి జబ్బుతో నున్న కుమారుడు కలడని విని, వానికై మేజోడు అల్లుచుండును. ఇవి గృహశాంతికి చెందిన అల్లికలు. చరిత్రనే తనవైపు త్రిప్పుకొనిన అల్లిక వేఱొకటి కలదు. అది ఆంగ్ల నవలాకారుడగు చార్లెసు డికెన్సు 1859లో తన వారపత్రికలో వారమువారము ప్రకటించిన నవలలోనిది. తెన్నేటి సూరిగారు దానిని 'రెండు మహానగరాలు' అను పేర తెలుగు చేసిరి గనుక మీలో కొందఱు చదివియే యుందురు.

పారిసు నగరమున సెంట్ ఆంత్వాను అనునది పేదల పేట. అచట ద్రాక్షసారాయి అంగడి నడుపు డిఫార్జి యనువాని భార్య మదాం డిఫార్జి. ఆమె యెల్లప్పుడు అంగడిబల్ల వెనుక గూర్చుండి అల్లుచుండును, మాటలాడుట అరుదు. ఆమె యల్లునది మేజోడు గాదు, చిట్టా. ప్రజలను హింసించిన ప్రభువుల పేర్లును, వారి వంశములును, వారు చేసిన నేరములును ఆమెకు మాత్రమే తెలిసిన గుర్తులతో ఆ అల్లికలో ఎక్కుచుండును. కాగితమైనచో ఎవడైన దొంగిలించి చదువగలడు; ఉన్నిలోని ముడులను చదువగలవా డెవడు? చిత్రగుప్తునకు తాటియాకులకు బదులు దారపుండ యిచ్చినట్లున్నది! ఒకనాడు రాజుగారి వేగులవాడు అంగడికి వచ్చును. ఆమె మాటలాడదు, తలపాగాలో ఒక గులాబి తుఱుముకొనును. అది చూచి త్రాగవచ్చినవా రొక్కొక్కరే లేచిపోవుదురు. అతడు కబుర్లాడుచుండగనే అతని రూపురేఖలు అల్లికలో నెక్కిపోవును.

ఇంతటి పగకు మూలమును రచయిత చాలకాలము దాచి చివర చెప్పును. ఎవ్రెమాండు అను ప్రభువుల యింటి అన్నదమ్ములలో చిన్నవాడు ఒక కాపుపడుచును చెఱిచెను. ఆమె భర్తను బండికి పశువువలె గట్టి తోలి చంపిరి. అడ్డువచ్చిన తమ్ముని కత్తితో పొడిచిరి. తండ్రి దుఃఖముతో మరణించెను. ఈ సంగతి పైవారికి వ్రాసిన వైద్యుడు బాస్టీలు చెఱసాలలో పదునెనిమిదేండ్లు మ్రగ్గెను. ఆ కుటుంబమున మిగిలిన చిన్నచెల్లెలే మదాం డిఫార్జి. విప్లవము వచ్చినపిదప ఆ ప్రభువుల వంశస్థునితో ఆమె తృప్తిపడదు. అతని భార్యయు, పసిపాపయు గిలటిను క్రింద పడవలెనని పట్టుబట్టును.

ఇచట మన పురాణములు చదివినవానికి ద్రౌపది జ్ఞప్తికి రాక మానదు. అవమానమును ఆమెయు మఱువలేదు. కాని భాగవతకథలో, నిద్రించుచున్న తన యైదుగురు కుమారులను చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, వీని తల్లియు నావలె నేడ్వవలదని విడిపించినది ఆమెయే. డికెన్సు తన నాయికకు ఆ గుణము నీయలేదు. ఇయ్యకుండుటకు అతనికి హక్కు గలదు. అది అతని కల్పన. అయితే కల్పనను చరిత్రగా గైకొనిన పాఠకుల సంగతి యేమి? ఫ్రెంచి విప్లవమనగానే గిలటిను ప్రక్కన గూర్చుండి అల్లుచు తలలు లెక్కించు స్త్రీలే లోకమునకు మనసున మెదలుచున్నారు. నిజముగ వారెవరు?

డికెన్సు 1812లో జన్మించెను. అతడు ఈ నవల వ్రాయునాటికి విప్లవము పుట్టి డెబ్బదియేండ్లు. కార్లైలు పండితుడు 1837లో ప్రకటించిన విప్లవచరిత్ర తనకాధారమని అతడే పీఠికలో నొప్పుకొనెను. మనము ఇంకను వెనుకకు పోవలెను.

1789 ప్రారంభమున పారిసులో నాలుగు పౌనుల రొట్టె వెల పదునాలుగున్నర సూలు. అంతకుముందు ఎనిమిది తొమ్మిది సూలు. కూలివాని దినవేతనము ఇరువదినుండి ముప్పది సూలు. సంపాదనలో సగము ఒక్క రొట్టెకే పోయినచో ఇంటిల్లాలి గతి యేమో సంసారులగు మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ జూలై 14న బాస్టీలు కూలినది. అయినను రొట్టె దొరకలేదు. అక్టోబరు 5న పారిసు సంతలలోని స్త్రీలు వేలకొలది కూడి, వానలో తడియుచు, ఫిరంగులు లాగుకొనుచు, ఇంచుమించు పన్నెండు మైళ్ల దూరమున నున్న వెర్సాయి రాజభవనమునకు నడచిరి. మఱునాడు రాజును, రాణిని, రాకుమారుని వెంటబెట్టుకొని పారిసు చేరిరి. రొట్టెలవాడును, రొట్టెలవాని భార్యయు, రొట్టెలవాని పిల్లవాడును వచ్చుచున్నారని దారి పొడవున కేకలు వేసిరట! రాజు దగ్గఱ నున్నచో పిండి దొరకునని వారి నమ్మకము. మహాపండితుల వాదములకు లొంగని ప్రభుత్వమును ఒక్క దినమున కదలించినవారు వీరు.

అట్టివారికి విప్లవ మేమిచ్చెను? ఓటు ఈయలేదు. శాసనసభలో చోటు ఈయలేదు. సభాభవనపు మిద్దెవసారాలలో గూర్చుండి వినుటకు మాత్రము అభ్యంతరము లేకుండెను. వారు వచ్చి కూర్చుండిరి, ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండిరి, నచ్చనివానిని అరచి కూర్చుండబెట్టిరి. చేతిపని వెంట దెచ్చుకొనిరి. కూలిబ్రతుకు స్త్రీ దినమంతయు చేతులు ముడుచుకొని యుండగలదా? 1793 మే నెలలో పోలీను లెయో, క్లేరు లకోంబు అను నిరువురు స్త్రీలు పూనుకొని విప్లవ స్త్రీసంఘమును స్థాపించిరి. అక్టోబరు 30న స్త్రీల సంఘములన్నియు నిషేధింపబడినవి. ఆఱు నెలలైన నిండలేదు.

ఉగ్రపాలనకాలమున పారిసులోనే ఇంచుమించు 2,600 మంది గిలటినుకు బలియైరి. చూడవచ్చిన జనములో స్త్రీలుండిరి, కేకలు వేసినవారును ఉండిరి. అది దాచదగిన విషయము గాదు. కాని చంపుమని శాసించినవారు, తీర్పు చెప్పినవారు, కత్తి వదలినవారు అందఱును పురుషులు. వారి పేర్లు గ్రంథములలో వాదప్రతివాదములతో నున్నవి. అల్లిక పట్టిన స్త్రీ మాత్రము రాక్షసియై నిలిచినది.

1794 జూలైలో రొబెస్పియేరు పడిపోయెను. ఆ డిసెంబరులో ధరల కట్టుబాటు తొలగించిరి. చలి ఘోరము, రొట్టె పాలు దినమునకు కొన్ని ఔన్సులకు దిగజాఱినది. 1795 మే 20న జనము శాసనసభలోనికి చొచ్చుకొనిపోయిరి, ముందువరుసలలో స్త్రీలుండిరి. వారి కోరిక రొట్టెయు, 1793 నాటి రాజ్యాంగమును. ఆనాడు ఫెరో యను సభ్యుని జనము చంపి తలను బల్లెమున కెత్తిరి. దారుణమే. మే 23న ప్రభుత్వము ఒక ఆజ్ఞ వెలువరించెను: స్త్రీలు తమ యిండ్లలోనే యుండవలెను, వీధిలో ఐదుగురికంటె నెక్కువ స్త్రీలు గూడినచో సైన్యబలముతో చెదరగొట్టుదురు. సభాభవనపు వసారాలును వారికి మూతపడినవి. అల్లికదారులు అను అర్థముగల 'త్రికొతూజులు' అను ఫ్రెంచిమాట తిట్టుగా వ్యాపించినది ఆ రోజులలోనే. ఆ మాట మొదట సభలకు వచ్చి వినువారికి చెల్లినది. వారిని గిలటిను ప్రక్కకు చేర్చినది తరువాతి శతాబ్దపు గ్రంథకర్తలు. దొమినీకు గొదినో అను చరిత్రకారిణి 1988లో ఆనాటి పారిసు సామాన్యస్త్రీల చరిత్ర వ్రాసి, ఆ తిట్టునే గ్రంథనామమున చేర్చెను.

ఒకరి కల్పన మఱియొకరి చేతికి పోయినచో పలుచబడును. 1905లో ఆర్క్సీ యను ప్రభుకాంత వ్రాసిన 'స్కార్లెట్ పింపర్నెల్' నవల గిలటిను క్రింద అల్లుకొను స్త్రీలను చూపుచు మొదలగును. అచట ఆ వనితలు కేవలము వెఱపు పుట్టించు బొమ్మలు. వారి యింట పొయ్యి వెలిగినదో లేదో ఆ నవలకు పట్టదు. డికెన్సు అట్టివాడు కాడు. రెండవ భాగము పదునాఱవ అధ్యాయమున, సాయంకాలము పేటలోని స్త్రీలందఱు వాకిళ్ల గూర్చుండి అల్లుచుండుటను వర్ణించుచు, చేతులకు పని యుండుట నోటికి తిండి యుండుటకు బదులని అతడు స్పష్టముగ వ్రాసెను. వ్రేళ్లు ఆగినచో కడుపులు మఱింత మండునట. ఈ యొక్క వాక్యములో చరిత్రయంతయు నున్నదని నా యభిప్రాయము. పాఠకులు చిట్టాను జ్ఞాపకముంచుకొనిరి; ఆకలిని విడిచిపెట్టిరి.

కథాంతమున మదాం డిఫార్జి, వైద్యుని కుమార్తెను పట్టుకొనబోవుచు, తన అల్లికను నెచ్చెలి చేతికిచ్చి, గిలటినువద్ద తన నిత్యస్థానమున సిద్ధముగ నుంచుమని చెప్పును. అచట మిస్ ప్రాస్ అను సేవకురాలితో పెనుగులాటలో ఆమె పిస్తోలు ప్రేలి ఆమెయే చచ్చును. ఇది యెఱుగని నెచ్చెలి కుర్చీపై కెక్కి పేరెత్తి పిలుచుచుండును. బండ్లు వచ్చును. తక్కిన స్త్రీలు అల్లుచు ఒక్కొక్క తల లెక్కింతురు; ఇరువదిమూడుతో ఆనాటి లెక్క ముగియును. ఆ కుర్చీ ఖాళీగా నుండును. నెచ్చెలిచేతిలోని ఆ యల్లిక పిదప నేమైనదో డికెన్సు చెప్పలేదు.