సెన్సర్ నెట్‌వర్కులలో మ్యాక్ ప్రోటోకాళ్లు

ఒకే రేడియో మార్గాన్ని పంచుకొనే పరికరాలలో ఏది ఎప్పుడు సమాచారం పంపాలి, ఎప్పుడు వినాలి, ఎప్పుడు నిద్రించాలి అన్నది నిర్ణయించే నియమాల సముదాయాన్ని మ్యాక్ ప్రోటోకాల్ అంటారు. తెలుగులో దీనిని మాధ్యమ ప్రవేశ నియమావళి అనవచ్చు. ఉష్ణోగ్రత, తేమ, గాలి కాలుష్యం వంటివాటిని కొలిచి పంపే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కులలో బ్యాటరీ ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది చాలావరకు ఈ నియమావళిపైనే ఆధారపడి ఉంటుంది.

పరిమిత వనరులు

పరిశోధనలలో విరివిగా వాడిన టెలోస్‌బి పరికరంలో 10 కిలోబైట్ల ర్యామ్, ప్రోగ్రామ్‌కు 48 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ మాత్రమే ఉంటాయి. ఇది రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. ఇందులోని సిసి2420 రేడియో పూర్తి బలంతో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు, వినేటప్పుడు 18.8 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే పంపడం కంటే వినడమే ఖరీదు. 2500 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీతో రేడియో నిరంతరం వింటూ ఉంటే సుమారు అయిదున్నర రోజులలో శక్తి అయిపోతుంది. నూటికి ఒక వంతు కాలమే మేల్కొని, నిద్రలో 0.02 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకుంటే, రేడియో ఖర్చు వరకు లెక్కించినప్పుడు అదే బ్యాటరీ సుమారు 500 రోజులు వస్తుంది.

శక్తి వృథాకు ప్రధాన కారణాలు నాలుగు:
* ఎవరూ పంపకపోయినా ఊరికే వింటూ ఉండటం
* రెండు సందేశాలు ఢీకొని, మళ్లీ పంపవలసి రావడం
* ఇతరులకు ఉద్దేశించిన సందేశాలను వినడం
* నియంత్రణ సందేశాల భారం

ముఖ్యమైన ప్రోటోకాళ్లు

2002లో వెలువడిన ఎస్-మ్యాక్‌లో పొరుగు పరికరాలు ఒకే వేళకు మేల్కొని, ఒకే వేళకు నిద్రిస్తాయి. మేల్కొనే వ్యవధి స్థిరంగా ఉంటుంది. 2003 నాటి టి-మ్యాక్‌లో సందడి లేకపోతే పరికరం ముందుగానే నిద్రలోకి జారుకుంటుంది. 2004లో వచ్చిన బి-మ్యాక్‌లో ఉమ్మడి వేళలు అవసరం లేదు. ప్రతి పరికరం అప్పుడప్పుడు లేచి, గాలిలో సంకేతం ఉన్నదేమో క్షణకాలం పరీక్షిస్తుంది. పంపే పరికరం ఆ విరామం కంటే పొడవైన పిలుపును ముందుగా ప్రసారం చేస్తుంది. 2006 నాటి ఎక్స్-మ్యాక్ ఆ పిలుపును చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలో గ్రహీత చిరునామా ఉంచింది. దానివల్ల సంబంధం లేని పరికరాలు వెంటనే తిరిగి నిద్రపోగలవు.

నగరంలో సమస్య: అమీర్‌పేట, పంజాగుట్ట

హైదరాబాదులోని అమీర్‌పేట కంప్యూటర్ శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి. పక్కనే ఉన్న పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, దుకాణాలు, కార్యాలయాలు ఉన్నాయి. ఇటువంటి కిక్కిరిసిన ప్రాంతాలలో సెన్సర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే వై-ఫై, బ్లూటూత్ కూడా పనిచేస్తాయి. సిసి2420 పంపే గరిష్ఠ బలం సుమారు 1 మిల్లీవాట్ మాత్రమే. వై-ఫై పరికరాలు సాధారణంగా అంతకు ఎన్నో రెట్ల బలంతో పంపుతాయి. ఫలితంగా సెన్సర్ సందేశాలు చెడిపోతాయి. అంతేకాక బి-మ్యాక్ వంటి పద్ధతులలో వై-ఫై సంకేతాన్నే పిలుపుగా పొరబడి పరికరం అనవసరంగా మేల్కొంటుంది. పొలంలో నెలల తరబడి నడిచే నియమావళి నగర కూడలిలో త్వరగా బ్యాటరీని తినివేయడానికి ఇదొక కారణం.

పరిష్కార మార్గాలు

వై-ఫై 1, 6, 11 ఛానెళ్లను వాడే చోట, ఐఈఈఈ 802.15.4 ప్రమాణంలోని 15, 20, 25, 26 ఛానెళ్లు వాటి మధ్య ఖాళీలలోను, పైఅంచునకు ఆవల ఉంటాయి. 2012లో వెలువడిన 802.15.4ఇ సవరణ, కాలాన్ని చిన్న గడులుగా విభజించి, గడిగడికీ ఛానెల్ మార్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక ఛానెల్‌లో అంతరాయం ఉన్నా సందేశం మరొక ఛానెల్‌లో చేరుతుంది. అయితే గడియారాలు కలిసి నడవడానికి కొంత శక్తి వెచ్చించాలి. భారతదేశంలో 2005 నుండి 865-867 మెగాహెర్ట్జ్ పట్టీని నిర్ణీత శక్తి పరిమితులలో లైసెన్సు లేకుండా వాడవచ్చు. ఇక్కడ వై-ఫై తాకిడి ఉండదు గాని, పట్టీ ఇరుకు. కనుక సందేశాలు చిన్నవిగా, అరుదుగా ఉండాలి.