మంచులో కారు నడపాలంటే ఏ టైర్లు? వింటర్, ఆల్ సీజన్, ఆల్ వెదర్.. తేడా ఇదీ!

సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం. జనవరి అయినా మధ్యాహ్నం ఎండకు చెమట పడుతుంది. సరిగ్గా అదే నెలలో స్ప్రింగ్ ఇన్‌టేక్‌లో సీటు వచ్చిన పిల్లలు అమెరికాలో దిగుతుంటారు. మిషిగాన్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో అప్పటికే రోడ్ల పక్కన మంచు గుట్టలు కనిపిస్తాయి. ఇక కెనడా సంగతి చెప్పక్కర్లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి వెళ్లిన పిల్లలకు వాన రోడ్డు తెలుసు, కాలువ గట్టు మీద బురద తెలుసు. మంచు మాత్రం తెలియదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ చూస్తారు, ఎన్ని మైళ్లు తిరిగిందో చూస్తారు, ధర బేరమాడతారు. టైర్ల దగ్గర కూర్చుని చూసేవాళ్లు తక్కువ. కానీ మంచు రోడ్డు మీద కారు ఆగాలన్నా, తిరగాలన్నా ఆధారం ఆ నాలుగు టైర్లే. ఒక్కో టైరు రోడ్డుకు తగిలేది దాదాపు అరచేయంత చోటు మాత్రమే!

మరి ఏ టైర్లు తీసుకోవాలి? అందరికీ వింటర్ టైర్లు అవసరమా? ఆల్ సీజన్ సరిపోతాయా? పూర్తి వివరాలు ఇవీ.

అసలు తేడా ఎక్కడుంది?

వింటర్ టైరు అంటే లోతైన గాళ్లున్న టైరు అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. అసలు తేడా రబ్బరులో ఉంది.

కోనసీమ వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎండాకాలంలో నీళ్లలా ఉండే కొబ్బరినూనె, ధనుర్మాసం చలికి సీసాలోనే గడ్డకడుతుంది. నూనె అదే, మారింది చలి మాత్రమే. టైరు రబ్బరు అలా గడ్డకట్టదు గానీ, చలికి బిగుసుకుపోతుంది. మామూలు సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడటం మొదలవుతుంది. గట్టి రబ్బరు రోడ్డును పట్టుకోలేదు, జారుతుంది. కోనసీమలో ఎంత చలికాలమైనా అంత చలి ఉండదు కాబట్టి మనకు ఈ సమస్యే రాదు.

వింటర్ టైరు రబ్బరును చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు వందల సంఖ్యలో ఉంటాయి. వీటిని సైప్స్ అంటారు. టైరు తిరిగేటప్పుడు ఇవి తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. గాళ్లలో ఇరుక్కున్న మంచు కూడా ఉపయోగపడుతుంది. మంచు మంచుకు అతుక్కుంటుంది కాబట్టి పట్టు పెరుగుతుంది.

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ ఎక్కిస్తారు. రోడ్డెక్కాలంటే తీసేస్తారు. బురదకు ఒక చక్రం, రోడ్డుకు ఒక చక్రం. ఇక్కడా అదే లెక్క.

టైరు పక్కన ఈ గుర్తు ఉందా?

టైరు పక్క గోడ మీద రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి. వీటి మధ్య తేడా తెలియకే చాలామంది పొరపడతారు.

మొదటిది ‘ఎం ప్లస్ ఎస్’ అనే అక్షరాలు. అంటే మడ్, స్నో అని అర్థం. ఈ అక్షరాలు టైరు గాళ్ల ఆకారాన్ని బట్టి వేసేవి. మంచులో పరీక్ష చేసి ఇచ్చినవి కావు. ఆల్ సీజన్ టైర్లలో ఎక్కువ వాటి మీద ఇవే ఉంటాయి.

రెండోది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన గుర్తు ఇది. దీన్ని వేయాలంటే ఆ టైరు గట్టిపడిన మంచు మీద పరీక్ష పాస్ కావాలి. ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి.

అయితే ఒక మెలిక ఉంది. ఆ పరీక్షలో చూసేది కారు ముందుకు కదిలేటప్పటి పట్టును మాత్రమే. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో ఎలా ఉంటుంది, గాజులాంటి ఐస్ మీద ఏమవుతుంది అన్నవి అందులో లేవు. అందుకే కొండ గుర్తు ఉన్న టైర్లన్నీ ఒకటి కావు. ఆ గుర్తు కనీస అర్హత మాత్రమే.

ఎవరికి ఏ టైరు?

సమ్మర్ టైర్లు: వేడి వాతావరణానికి, పొడి రోడ్డుకు, వానకు బాగుంటాయి. మంచు పడే చోట చలికాలంలో వీటితో బయటకు రావడం ప్రమాదకరం.

ఆల్ సీజన్ టైర్లు: అమెరికాలో ఎక్కువ కార్లకు వచ్చేవి ఇవే. పేరులో అన్ని కాలాలూ ఉన్నా, గట్టి మంచుకు ఇవి సరిపోవు. ఎప్పుడో ఒకసారి తేలికపాటి మంచు పడే ఊళ్లో, పడిన రోజు ఇంట్లో ఉండగలిగే వాళ్లకు చాలు. టెక్సాస్, జార్జియా, కాలిఫోర్నియా మైదాన ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

ఆల్ వెదర్ టైర్లు: పేరు దాదాపు ఒకేలా ఉన్నా ఇవి వేరు. వీటి మీద కొండ గుర్తు ఉంటుంది, ఏడాది పొడవునా మార్చకుండా వాడుకోవచ్చు. మంచు పడినా రోడ్లు త్వరగా శుభ్రం చేసే నగరాల్లో ఉంటూ, రెండో సెట్టు పెట్టుకునే చోటు లేని స్టూడెంట్లకు మంచి మధ్యే మార్గం. ఐస్ మీద మాత్రం అసలైన వింటర్ టైరుకు సాటి రావు.

వింటర్ టైర్లు: నెలల తరబడి మంచు ఉండే చోట, రోజూ తెల్లవారుజామునో రాత్రి షిఫ్టుకో కారు తీయాల్సిన వాళ్లకు ఇవే సరైనవి. మిన్నెసోటా, అప్‌స్టేట్ న్యూయార్క్, కెనడాలో ఎక్కువ భాగం ఈ లెక్కలోకి వస్తాయి. ఎండాకాలంలో మాత్రం తీసేయాలి. వేడికి మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది, బ్రేకు దూరం కూడా పెరుగుతుంది.

స్టడెడ్ టైర్లు: ఇనుప మేకుల్లాంటివి బిగించిన టైర్లు. ఐస్ మీద బాగా పనిచేస్తాయి గానీ రోడ్డును పాడుచేస్తాయి. అందుకే అన్ని చోట్లా అనుమతి లేదు. ఒంటారియోలోనే ఉత్తర భాగంలో వాడొచ్చు, టొరంటో ఉన్న దక్షిణ భాగంలో వాడకూడదు.

‘ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా’ అనుకుంటే?

ఇది అందరిలోనూ ఉన్న అపోహ. ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ ఇంజిన్ శక్తిని నాలుగు చక్రాలకూ పంపిస్తాయి. దాంతో కారు మంచులో ఇరుక్కోకుండా కదులుతుంది. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. కాబట్టి ఆపే విషయంలో పెద్ద కారుకు ప్రత్యేకంగా కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా సులువుగా కదులుతోంది కదా అని వేగం పెంచేస్తారు, ఆగాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

డబ్బు కలిసొస్తుందని రెండే వింటర్ టైర్లు వేయించడం మరో తప్పు. ముందు రెంటికి పట్టు ఉండి వెనక రెంటికి లేకపోతే, మలుపులో బ్రేకు వేసినప్పుడు కారు వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది. మారిస్తే నాలుగూ మార్చాల్సిందే.

ఖర్చు విషయానికొస్తే, రెండో సెట్టు కొనడం ముందు భారంగానే అనిపిస్తుంది. కానీ ఒక సెట్టు వాడుతుంటే రెండోది అరగకుండా ఉంటుంది. రెండూ కలిపి ఎక్కువ ఏళ్లు వస్తాయి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

క్యూబెక్, కెనడా: డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. 2008లో ఈ రూల్ మొదలైంది. కొండ గుర్తు ఉండాల్సిందే. అద్దె కార్లకూ ఇదే వర్తిస్తుంది.

బ్రిటిష్ కొలంబియా: అక్టోబర్ 1 నుంచి చాలా కొండ హైవేల మీద వింటర్ టైర్లు ఉండాలి. కొన్ని మార్గాల్లో మార్చి 31 వరకు, మిగతా చోట్ల ఏప్రిల్ 30 వరకు ఈ రూల్ ఉంటుంది. ఇక్కడ ‘ఎం ప్లస్ ఎస్’ టైర్లను కూడా ఒప్పుకుంటారు, కానీ గాళ్ల లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి.

ఒంటారియో: తప్పనిసరి కాదు. అయితే వింటర్ టైర్లు వేయించుకున్న వాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాలి. 2016 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. అడిగి తీసుకోవాలి.

కొలరాడో, అమెరికా: ఐ-70 హైవేపై కొండ ప్రాంతంలో, మోరిసన్ నుంచి డాట్‌సెరో వరకు, సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా తగిన టైర్లు లేదా చైన్లు ఉండాలనే చట్టం ఉంది.

జర్మనీ: తేదీలు లేవు. రోడ్డు మీద మంచు, ఐస్ ఉంటే వింటర్ టైర్లు ఉండాలి. 2024 అక్టోబర్ 1 నుంచి కొండ గుర్తు ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటున్నారు. లేకపోతే 60 యూరోల ఫైన్ నుంచి మొదలు.

ఏ టైరూ కాపాడలేని రోజు

2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ హైవేపై తెల్లవారుజామున 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే డాలస్ పక్కనే ఇది జరిగింది. ఆ రోజు అక్కడ మోకాల్లోతు మంచేమీ పడలేదు. సన్నటి వాన పడి, రోడ్డు మీదే గడ్డకట్టింది అంతే.

దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. చూడటానికి తడి రోడ్డులాగే ఉంటుంది. వంతెనల కింద నుంచీ చల్లగాలి వీస్తుంది కాబట్టి అక్కడ ముందుగా పట్టేస్తుంది. దాని మీద వింటర్ టైరు కొంత మేలే గానీ, హామీ మాత్రం కాదు. ఫ్రీజింగ్ రెయిన్ హెచ్చరిక వస్తే కారు తీయకపోవడమే మంచిది. తప్పనిసరైతే నెమ్మదిగా వెళ్లాలి, ముందు బండికి మామూలు కంటే చాలా ఎక్కువ దూరం పాటించాలి. బ్రేకు, స్టీరింగ్, యాక్సిలరేటర్ దేన్నీ ఒక్కసారిగా వాడకూడదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

టైరు పక్కన ‘డాట్’ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3522 అని ఉంటే 2022లో 35వ వారం అని అర్థం. గాళ్లు బాగున్నా, రబ్బరు పాతబడితే గట్టిపడుతుంది.

గాళ్ల లోతుకు అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం సుమారు 1.6 మిల్లీమీటర్లు చాలంటుంది. మంచుకు అది ఏమాత్రం సరిపోదు, 4 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చడం మేలు. కొలిచే పరికరం లేకపోతే క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టండి. వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తుంటే మంచులోకి ఆ టైరు పనికిరాదు.

చలి పెరిగితే గాలీ తగ్గుతుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే చలికాలంలో నెలకోసారైనా, బండి తీయకముందే గాలి చూసుకోవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

మనాలీ టూర్ వెళ్తున్నా..

ఈ సంగతులు విదేశాల్లో ఉన్నవాళ్లకే కాదు. చలికాలంలో మనాలీ, కశ్మీర్ టూర్లకు వెళ్లే కుటుంబాలకూ అవసరమే. మంచు కురిసిన రోజుల్లో సోలాంగ్, అటల్ టన్నెల్ వైపు ఫోర్ వీల్ డ్రైవ్ లేదా టైర్లకు చైన్లు ఉన్న బండ్లనే పోలీసులు వదులుతుంటారు. మన ప్లెయిన్స్ టైర్లతో సొంత కారులో అక్కడికి వెళ్లడం కంటే, ఆ రోడ్డు అలవాటున్న లోకల్ డ్రైవర్ బండి మాట్లాడుకోవడం క్షేమం.

ఫోన్‌లో పిల్లల్ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

వీడియో కాల్‌లో ‘తిన్నావా, చలిగా ఉందా’ అని అడిగే అమ్మానాన్నలు ఇవి కూడా అడిగితే మంచిది.

1. మీ ఊళ్లో మంచు ఎన్ని నెలలు ఉంటుంది? దాన్ని బట్టే టైరు.

2. టైరు మీద కొండ, మంచు రేకు గుర్తు ఉందా? ఫోటో తీసి పంపమనండి.

3. నాలుగు టైర్లూ ఒకే రకమా?

4. ఏ సంవత్సరం టైర్లు, గాళ్లు ఎంత లోతు ఉన్నాయి?

5. మంచు తుఫాను హెచ్చరిక ఉన్న రోజు డ్యూటీకి వెళ్లక తప్పదా?

చివరి ప్రశ్నకు ‘తప్పదు’ అని జవాబు వస్తే, కారు ఇంకా మంచిది కొనడం కంటే ముందు టైర్లకు డబ్బు పంపండి.