బండి వెనక వంటిల్లు

ఎయిర్‌స్ట్రీమ్ అనే ట్రైలర్ల కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఒకటుంది. వాలీ బయమ్ అనే ఆయనకు ఊళ్లు తిరగడం, ఆరుబయట గుడారం వేసుకుని పడుకోవడం సరదా. భార్య మేరియన్‌కి ఆ సరదా లేదు. తన వంటగది లేనిదే క్యాంపింగుకి రానందట. దాంతో ఆయన మోడల్-టి కారు ఛాసిస్ మీద గుడారం బిగించి, దానికి మార్పులు చేస్తూ చేస్తూ చివరికి 1931లో కంపెనీ పెట్టాడు. 1936లో వచ్చిన ‘క్లిప్పర్’ అనే అల్యూమినియం ట్రైలర్లో నలుగురు పడుకోవచ్చు. నీళ్లున్నాయి, కరెంటు దీపాలున్నాయి. ధర 1,200 డాలర్లు.

ఈ కథను అందరూ చిరునవ్వుతో చెబుతారు. భార్య మంకుపట్టు, భర్త తెలివి, ఆ రెండింటి మధ్య పుట్టిన ఒక పరిశ్రమ! నాకు మాత్రం మేరియన్ కోరికలో మంకుపట్టు కనపడలేదు. ఎక్కడికెళ్లినా వండక తప్పదని తెలిసిన మనిషి అడిగిన కోరిక అది. నేలమీద చతికిలబడి, పొగలో కళ్లు మండించుకుంటూ వండే బదులు నిలబడి వండుకుంటానంది. వండకుండా ఉండే వీలు ఆమె ముందు ఎవరైనా పెట్టారా అన్న సంగతి ఆ కథలో లేదు.

నేనుండేది మిషిగన్‌లో. ఏటా నవంబరు వచ్చేసరికి ఐ-75 రహదారి మీద ట్రైలర్లు దక్షిణానికి కదులుతాయి. కెనడా సరిహద్దులో మొదలై ఒహాయో, కెంటకీ, టెన్నెసీ, జార్జియాల మీదుగా ఫ్లోరిడాలో మయామీ దగ్గరికి చేరే రోడ్డు అది. చలికాలమంతా అక్కడ గడిపి, మంచు కరిగాక తిరిగొచ్చే వీళ్లని స్నోబర్డ్స్ అంటారు. మంచుపిట్టలు అనుకుందాం. ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ఈ వలసకి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. దాన్ని చదువుతున్నప్పుడల్లా కారు ఎవరు తోలారు, ట్రైలర్ ఎవరు తయారుచేశారు అన్నవి దొరుకుతూనే ఉంటాయి. ఆ కారు వెనక కదిలిపోతున్న ఇంటిని ఇల్లుగా నిలబెట్టింది ఎవరన్నది మాత్రం పక్కవాక్యాల్లో వెతుక్కోవాల్సిందే.

ఐ-75 కన్నా ముందు ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపింది డిక్సీ హైవే. కార్ల వ్యాపారంలో డబ్బు గడించిన కార్ల్ ఫిషర్ పూనికతో 1914-15లలో రూపుదిద్దుకుంది. ఆ దారిన ఫోర్డు కార్లలో దిగిన ఉత్తరాదివాళ్లు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో, డిసోటో పార్కులో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వానికి గుర్తు రేడియేటర్ మూతకి అతికించిన ఒక టిన్ను డబ్బా. చలికాలం సమావేశం ఫ్లోరిడాలో, వేసవి సమావేశం మా మిషిగన్ వైపు. డబ్బు ఖర్చుపెట్టే పెద్దమనుషుల కోసం హోటళ్లు కట్టుకున్న ఫ్లోరిడా వ్యాపారులకి వీళ్లంటే చిరాకు. ఒక చొక్కా, ఒక ఇరవై డాలర్ల నోటు పట్టుకొస్తారు, వెళ్లేదాకా రెండింటినీ మార్చరు అని హాస్యమాడేవారు. హాస్యం బాగానే ఉంది. ఆ నోటు మార్చకుండా చలికాలం గడిపించిన నేర్పు ఎవరిది? డబ్బాల్లో తిండి సర్దుకొచ్చి, పార్కులో కుళాయి దగ్గర బట్టలుతికి, పొదుపుగా నెలలు నెట్టుకొచ్చిన చేతులు ఎవరివి? సంఘానికి పేరిచ్చింది ఆ డబ్బాలేనని కొందరు, ‘టిన్ లిజ్జీ’ అని పిలిచే ఫోర్డు కారని కొందరు ఇప్పటికీ వాదించుకుంటుంటారు. డబ్బాలు తెరిచిందెవరన్న వాదన నాకెక్కడా తగల్లేదు.

ట్రైలర్లో చాకిరీ అంటే ఏమిటో నాకు పుస్తకాలు చెప్పలేదు, మా పక్కింటావిడ చెప్పింది. డెబ్భై దాటిన మనిషి. భర్తతో పదిహేడేళ్లు ఫ్లోరిడా వెళ్లొచ్చింది. ఇక్కడ గడ్డకట్టే చలి మొదలవకముందే ట్రైలర్ నీళ్ల ట్యాంకూ, హీటరూ, గొట్టాలూ అన్నీ ఖాళీ చేయాలి. లేకపోతే నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. ఆ గొట్టాల్లోకి గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తారు. ఇక జార్జియా దాటేదాకా కుళాయి తిప్పేది లేదట. తాగడానికీ, గిన్నెలు కడగడానికీ, టాయిలెట్‌కీ క్యాన్లలో తెచ్చుకున్న నీళ్లే. ఎన్ని క్యాన్లు పట్టాలో, ఏ పూట ఎన్ని గిన్నెలు మాసిపోతాయో ఆవిడకి నోటి లెక్క. చలిలో స్టవ్ వెలిగిస్తే ఆ ఆవిరంతా గోడలకి పట్టి నీళ్లు కారతాయి కాబట్టి వారం రోజులకి కావలసినవి ఇంట్లోనే వండి, గడ్డకట్టించి తీసుకెళ్లేదట.

ఇంకొకటి, సర్దడం. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, కారుకి తగిలించే హిచ్ మీద పడాలి. అంతకన్నా తగ్గి వెనక బరువెక్కిందంటే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వేగం మీద ఆ ఊపు పెరిగితే కారునే తిప్పి పడేస్తుంది. అంటే బియ్యం డబ్బా, ఇనప మూకుడు, క్యాన్లు ఏ అల్మారాలో పెట్టారన్న దాని మీద ఇద్దరి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. దీన్ని మనం ఇల్లు సర్దడం అంటాం. మగవాడు చేస్తే ఇంజనీరింగు అనేవాళ్లం.

మన అమ్మలూ, అత్తగార్లూ ఎదురు దిక్కున ఎగిరే మంచుపిట్టలే అనిపిస్తుంది నాకు. మంచు కరిగాక వచ్చి, ఆరు నెలల గడువు ముగిసి మళ్లీ మంచు పడేలోపు వెళ్లిపోతారు. 23 కిలోల చొప్పున రెండు పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడి, సున్నిపిండి, పురిటి మందులు తూకం తప్పకుండా సర్దుకొస్తారు. వచ్చాక వాళ్లు చేసేది పసిపిల్లల చాకిరీ, వంట. ఊరికే చూసిపోవడానికి వచ్చామనే అంటారు పాపం, పాస్‌పోర్టు చూసే ఆఫీసరుతోనూ, మనతోనూ.

‘ద లాంగ్, లాంగ్ ట్రైలర్’ అని 1954లో విన్సెంట్ మినెల్లీ తీసిన సినిమా ఉంది. కొత్తగా పెళ్లయిన జంట పొడవాటి ట్రైలర్ కొనుక్కుని రోడ్డెక్కుతారు. భర్త కారు తోలుతుంటే, కదిలే ట్రైలర్లో లూసిల్ బాల్ రాత్రి భోజనం తయారుచేయబోతుంది. ప్రతి మలుపుకీ గిన్నెలు, తిండి మీద పడతాయి, ఆమె గోడకీ గోడకీ కొట్టుకుంటుంది. హాలు పగలబడి నవ్వే దృశ్యం. నేను రెండోసారి చూసినప్పుడు నవ్వు రాలేదు. వాళ్లు గమ్యం చేరేసరికి అన్నం సిద్ధంగా ఉండాలని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, అదీ సంగతి. అందులోనే ఆమె వెళ్లిన ప్రతి చోటునుంచీ గుర్తుగా ఒక రాయి ఏరుకొస్తుంది. కొండ ఎక్కేముందు భర్త ఆ బరువు పారేయమంటాడు. ఆమె పారేయలేక దాచేస్తుంది. ఘాట్ రోడ్డులో అవి దొర్లి కొంప ముంచబోతాయి. బరువు విషయంలో భర్త మాటే నిజం, కాదనను. కానీ అంత పొడవు ట్రైలర్లో ఆమెవి అని చెప్పుకోదగ్గవి ఆ రాళ్లు మాత్రమే కదా!

ఈ స్త్రీలందరూ తెల్లవాళ్లని మరిచిపోకూడదు. వెచ్చని దేశం కోసం దక్షిణానికి వెళ్లడమన్నది నల్లజాతి కుటుంబానికి అంత తేలికైన ఆలోచన కాదు. ఏ ఊళ్లో బస దొరుకుతుందో, ఎక్కడ పెట్రోలు పోస్తారో తెలుసుకోవడానికి విక్టర్ గ్రీన్ 1936 నుంచి ‘గ్రీన్ బుక్’ వెయ్యాల్సి వచ్చింది. అదే క్లిప్పర్ పుట్టిన సంవత్సరం. వర్జీనియాలోని షెనన్‌డోవా నేషనల్ పార్కులో నల్లవాళ్ల కోసం 1939లో లూయిస్ మౌంటెన్ అని విడిగా ఒక చోటు తెరిచారు. సొంత ఇంటిని వెంట లాక్కుపోయినా దాన్ని నిలపడానికి జానెడు నేల ఎవరో ఇవ్వాలి.

ఒంటరి ఆడవాళ్ల సంగతి మరోరకం. 1955లో ఏర్పడిన వాలీ బయమ్ కారవాన్ క్లబ్బులో ఏర్పాట్లూ నిర్వహణా ఏళ్ల తరబడి మోసింది ఆయన చుట్టపుటాడపడుచు హెలెన్ బయమ్ ష్వాంబార్న్. క్లబ్బుకి మాత్రం పేరు ఆయనదే. అలాంటి గుంపుల్లో అన్నీ జంటలే. భర్త పోయిన మనిషి, విడిపోయిన మనిషి ఎక్కడ కూర్చోవాలి? 1969లో ఈడిత్ లేన్ ‘లోనర్స్ ఆన్ వీల్స్’ అని ఒంటరివాళ్ల సంఘం పెట్టింది. ఆడా మగా ఇద్దరూ చేరవచ్చు. సభ్యులు జత కడితే మాత్రం సంఘం విడిచి వెళ్లాల్సిందే! మన వైపు పేరంటాల్లో వితంతువుని పక్కకు నెట్టే ఆచారాన్ని ఎవరో తలకిందులు చేసినట్టుంది నాకా నియమం. 1991లో ‘ఆర్‌వీయింగ్ విమెన్’ వచ్చింది, కేవలం స్త్రీలకి. వీళ్లు ఒకరికొకరు బండి నడపడం, బాగుచేసుకోవడం నేర్పించుకున్నారు.

నేర్పించుకోవాల్సిన అవసరం ఎందుకంటే, మా పక్కింటావిడ దగ్గరికే మళ్లీ వెళ్లాలి. పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ ట్రైలర్ లాగలేదు. “ఆయన డ్రైవ్ చేస్తాడు, మిగతావి నేను చూసుకుంటాను” అనేది. ఆ ‘మిగతావి’లో ఏమేమున్నాయో పైన చెప్పాను. ఆయనకి పక్షవాతం వచ్చాక రెండు చలికాలాలు ట్రైలర్ పెరట్లో మంచుకింద పడి ఉంది. మూడో ఏడు, ఒక వేసవి ఆదివారం, ఖాళీగా ఉన్న స్కూలు పార్కింగులో ఆవిడ ట్రైలర్‌ని వెనక్కి నడపడం నేర్చుకుంటుంటే చూశాను. వెనక్కి పోవడమే కష్టం, కారు ఒకవైపు తిరిగితే ట్రైలర్ ఇంకోవైపు పోతుంది. దానికో చిట్కా ఉంది. స్టీరింగు అడుగుభాగం పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపడమే. చిట్కా రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఆ నవంబరులో పక్క సీట్లో భర్తని కూర్చోబెట్టుకుని తానే లాక్కెళ్లింది. మరుసటి ఏడు ఆయన పోయాడు.

అప్పుడు బయటపడింది అసలు లెక్క. అమెరికా సోషల్ సెక్యూరిటీ పింఛను, మనిషి ఎక్కువ సంపాదించిన 35 సంవత్సరాల సగటు మీద కడతారు. సంపాదన లేని ఏడాదికి సున్నా. పిల్లల్ని పెంచిన ఏళ్లు, అత్తమామల్ని చూసుకున్న ఏళ్లు, అన్నీ సున్నాలే. 1939లో భార్యలకి భర్త పింఛనులో సగం దాకా వాటా కల్పించారు. విడాకులు తీసుకున్న భార్యకి 1965లోగానీ అది రాలేదు, అదీ ఇరవై ఏళ్లు కాపురం చేసి ఉంటేనే. ఆ ఇరవైని తర్వాత పదికి తగ్గించారు. తొమ్మిదేళ్లకి విడిపోతే ఏమీ లేదు. ఇక ఇతరుల ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లని, వాళ్లలో నల్లజాతి స్త్రీలు చాలామంది, 1935 చట్టం అసలు లెక్కలోకే తీసుకోలేదు. 1950లో గానీ వాళ్లు అందులోకి రావడం మొదలవలేదు. మా పక్కింటావిడకి రెండు చెక్కుల స్థానంలో ఒక్కటి మిగిలింది. ఇల్లు అమ్మాలా, ట్రైలర్ అమ్మాలా అని నన్నడిగింది. ఇల్లు అమ్మింది.

జెసికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ చదివేటప్పుడు ఆవిడే గుర్తొస్తూ ఉంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్లు వదిలి బండ్లలోకి మారిన ముసలివాళ్ల పుస్తకం అది. అందులో లిండా మే అనే ఆమె కేవలం ఇల్లాలుగా బతికిన మనిషి కాదు. ఇద్దరు కూతుళ్లని ఒంటరిగా పెంచుతూ, లారీ తోలడం దగ్గర్నుంచి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ పని దాకా జీవితమంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంది. ఆడవాళ్లకిచ్చే జీతాలు కదా, అరవై దాటాక చేతికొచ్చిన పింఛను నెలకి అయిదొందల డాలర్ల పైచిలుకు. వేసవిలో చల్లని కొండల మీద క్యాంపుగ్రౌండులో మరుగుదొడ్లు కడిగే పని, చలికాలంలో ఆరిజోనా ఎడారి. జీపు వెనక ఆమె లాక్కెళ్లే బుల్లి ట్రైలర్ పేరు ‘స్క్వీజ్ ఇన్’. ఇరుక్కుని దూరమని అర్థం. అదే దారి, అదే వలస. ఒకప్పుడు చలి నుంచి తప్పించుకునే సరదా అన్నది, చలిలో పడుకుంటే చచ్చిపోతామన్న లెక్కగా మారింది.

క్లోయీ జావ్ దీన్ని 2020లో సినిమాగా తీసింది, లిండా మే తన పాత్ర తానే వేసింది. మరుసటి ఏడు ఆస్కార్లు వచ్చాయి. సినిమా చూసిన నా స్నేహితురాళ్లలో చాలామంది స్వేచ్ఛ గురించి మాట్లాడారు. ఆడమనిషికి రోడ్డు దొరకడం చిన్న విషయం కాదు, వాళ్ల ఉద్వేగం నాకర్థమవుతుంది. సొంత తాళంచెవి ఉన్న ఒక గది, అది పది అడుగులదైనా, మనం ఎన్నేళ్లుగానో అడుగుతున్నదే. అయితే పుస్తకంలో లిండా మే కలలు కన్నది రోడ్డుని కాదు. ఎక్కువరోజులు ఒకచోట నిలవనివ్వని అడవిశాఖ నియమాల మధ్య, గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టుల మధ్య, ఆమె పాత టైర్లతో, మట్టితో కట్టుకునే ఇళ్ల ప్లాన్లు చదువుకుంటూ ఉండేది. చివరికి ఆరిజోనాలో డగ్లస్ ఊరి దగ్గర కాస్త ఎడారి నేల కొనుక్కుంది, చక్రాలు లేని ఇల్లు కట్టుకోవడానికి.